22 నెలల మౌనం తర్వాత: ఒక అంతర్జాతీయ సమాఖ్యనూ విలేకరులనూ మళ్లీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిన కేస్ స్టడీ

నేను ఈ పని చేతికి తీసుకునే నాటికి ఆ అంతర్జాతీయ క్రీడా సమాఖ్య అధ్యక్షుడు విలేకరుల ముందు కూర్చుని 22 నెలలైంది. ఈ మధ్యలో రెండు పెద్ద పోటీలు అయిపోయాయి, సభ్య దేశాల మహాసభ, అంటే కాంగ్రెస్, ఒకటి జరిగింది, ఆట నియమాలు కొన్ని మారాయి. అన్నిటికీ ప్రెస్ నోటే. ప్రశ్న పంపితే "అందింది, ధన్యవాదాలు" అని ఒక జవాబు వచ్చేది. అంతే, ఆ తర్వాత ఇంకేమీ వచ్చేది కాదు. ఆ ఆట గురించి ఏళ్ల తరబడి రాస్తున్న వివిధ దేశాల విలేకరులు ఒక బృందంగా ఏర్పడి, మధ్యవర్తిగా ఉండమని నన్ను అడిగారు. అంతకుముందు చాలా ఏళ్లు నేనూ ప్రెస్ బాక్సులో కూర్చున్న మనిషినే. సమాఖ్య పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. రెండు వైపులవాళ్లూ నన్ను నమ్మి చాలా చెప్పుకున్నారు, ఆ నమ్మకం ఇప్పటికీ నాకు కావాలి.

గొడవ ఒక హోటల్ లాబీలో మొదలైంది. ప్రపంచ పోటీలు ముగిసిన రాత్రి అధ్యక్షుడూ, ఒక సీనియర్ విలేకరీ కాఫీ తాగుతూ మాట్లాడుకున్నారు. తర్వాతి పోటీల ఆతిథ్యం దక్కిన నగరం ఏర్పాట్లలో బాగా వెనకబడిందనీ, అవసరమైతే వేదిక మార్చాల్సి రావచ్చనీ అధ్యక్షుడు అన్నారు. మర్నాడు అదే హెడ్‌లైన్. ఆతిథ్య నగరం నుంచి ఫోన్లు, స్పాన్సర్ల నుంచి ఫోన్లు, కార్యవర్గంలో నిలదీత. "అది మన మధ్య మాట" అని అధ్యక్షుడు. "అలా అని మీరు ఒక్కసారైనా అన్నారా?" అని విలేకరి. ఇద్దరితోనూ విడివిడిగా గంటల తరబడి మాట్లాడాను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పదేళ్ల పరిచయం కదా, వేరే చెప్పక్కర్లేదని ఆయన అనుకున్నారు. అంతే పరిచయం కదా, వేరే అడగక్కర్లేదని ఈయన అనుకున్నారు.

తర్వాతి పోటీకి ఆ విలేకరి పెట్టుకున్న అక్రిడిటేషన్ (పోటీని లోపలి నుంచి కవర్ చేసే అనుమతి) దరఖాస్తు "పరిశీలనలో ఉంది" అన్న మాట మీదే, పోటీ ముగిసేదాకా ఉండిపోయింది. దాంతో మిగతా విలేకరులు భగ్గుమన్నారు. సమాఖ్య తలుపులు మూసుకుంది.

ఇలాంటి తలుపులు మూసుకున్నప్పుడు ఏమవుతుందో మా వృత్తిలో అందరికీ తెలుసు. సమాఖ్యతో మొదటి సమావేశానికి నేను తీసుకెళ్లిన ఉదాహరణ ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాది. ఆండ్రూ జెన్నింగ్స్ అనే బ్రిటిష్ విలేకరిని ఫిఫా 2003లో తన ప్రెస్ మీట్లకు రాకుండా నిషేధించింది. ఆయన లోపలికి రాలేకపోయారు కానీ లోపలి పత్రాలు ఆయన దగ్గరికి వెళ్తూనే ఉన్నాయి. వాటిలో కొన్ని తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చేతికి చేరాయి. 2015 మే 27న జ్యూరిచ్ హోటల్లో తెల్లవారుజామున జరిగిన ఫిఫా పెద్దల అరెస్టులు ప్రపంచమంతా చూసింది. ఈ ఉదాహరణ విని ప్రధాన కార్యదర్శి కొంచెం నొచ్చుకున్నారు. "మేం అవినీతిపరులమని మీ ఉద్దేశమా?" అని అడిగారు. కాదన్నాను. మీ దగ్గర దాచాల్సింది లేకపోయినా, జవాబు రాకపోతే రాసేవాడు ఉందనే అనుకుంటాడని చెప్పాను. ఆ మాట ఆవిడకు తగిలిందని తర్వాత తెలిసింది.

విలేకరుల సమావేశానికి మాత్రం వేరే ఉదాహరణ తీసుకెళ్లాను, ఎందుకంటే వాళ్లు వినాల్సింది వేరు. 2002 శీతాకాల ఒలింపిక్స్ ఆతిథ్యం కోసం అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నిర్వాహకులు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) సభ్యులకు లంచాలు ముట్టజెప్పిన సంగతి 1998 నవంబరులో బయటికి వచ్చింది. దాన్ని పట్టుకున్నది ఐఓసీ పెద్దల వెంట దేశదేశాలు తిరిగిన ఒలింపిక్ విలేకరులు కాదు. ఒక స్థానిక టీవీ స్టేషన్ విలేకరి. అయితే మరుసటి నెల స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఐఓసీ సభ్యుడు మార్క్ హోడ్లర్, ఓట్లు కొనే వ్యవహారం గురించి నోరు విప్పినప్పుడు ఎదురుగా ఉండి రాసుకున్నది ఆ తిరిగిన విలేకరులే. ఆ మాటలతో ఒక ఊరి వార్త ప్రపంచ వార్త అయింది. చివరికి 1999లో కొందరు సభ్యులు రాజీనామా చేశారు, ఆరుగురిని ఐఓసీ బహిష్కరించింది. పెద్దలకు దగ్గరగా ఉండటం వల్ల కంటికి కనబడకుండా పోయిన వార్తా, దగ్గరగా ఉండటం వల్లే దొరికిన వార్తా ఒకే వ్యవహారంలో ఉన్నాయి. విలేకరులకు నేను అడిగింది ఒకటే: మనం ఎంత దగ్గర కావాలనుకుంటున్నాం?

ఈ దగ్గరితనం మా వృత్తికి పుట్టుకతోనే వచ్చింది. అంతర్జాతీయ క్రీడా పాత్రికేయుల సంఘం ఏఐపీఎస్ 1924 జులై 2న, ఒలింపిక్స్ జరిగిన ఏడాదే, పారిస్‌లో మొదలైంది. మొదలుపెట్టిన ఇద్దరిలో ఫ్రాంట్జ్ రీషెల్ పత్రికలో రాసేవారు, 1900లో రగ్బీలో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు, ఆ 1924 క్రీడల నిర్వాహకుల్లోనూ ఉన్నారు. విక్టర్ బోయిన్ కూడా విలేకరే. 1920 ఆంట్వర్ప్‌లో మొట్టమొదటి ఒలింపిక్ ప్రమాణం చేసిన క్రీడాకారుడు ఆయనే, తర్వాత బెల్జియం ఒలింపిక్ కమిటీకి అధ్యక్షుడయ్యారు. అప్పట్లో బల్లకు అటూ ఇటూ ఒకే మనుషులు. నాకు ఆ తరం మీద గౌరవం ఉంది. కానీ అప్పటి అలవాటు ఇప్పుడు పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఇప్పుడు సమాఖ్యల దగ్గర కోట్ల డాలర్లున్నాయి, ఆటగాళ్ల జీవితాలున్నాయి.

మొదటి నెలలో నేను చేసిన తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. అందరినీ ఒక చోట చేరిస్తే మంచు కరుగుతుందనుకుని విందు ఏర్పాటు చేయించాను. ఖర్చు సమాఖ్యది. వచ్చింది ఎవరు? సమాఖ్యతో ముందే సఖ్యంగా ఉన్నవాళ్లు. ఎవరి ప్రశ్నల వల్ల గొడవ వచ్చిందో వాళ్లు రాలేదు. పైగా ఒక యువ విలేకరి, అధ్యక్షుడితో కలిసి గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఫోటో సోషల్ మీడియాలోకి వచ్చింది. ఆమె ఎడిటర్ ఆమెను పిలిచి వివరణ అడిగారు. ఆమె తప్పేమీ లేదు, ఆ స్థితిలో నిలబెట్టింది నేను. ఆ తర్వాత విందులు, బహుమతి సంచులు, సమాఖ్య ఖర్చుతో ప్రయాణాలు పూర్తిగా మానేశాం. సమావేశం అంటే ఒక గది, నీళ్లు, కాఫీ. ఎవరి టికెట్ వాళ్లదే. టికెట్ కొనే స్తోమత లేని ఫ్రీలాన్స్ విలేకరులు ఆన్‌లైన్‌లో చేరేలా చూశాం.

విందు పోయాక అసలు పని మొదలైంది. ఆరు వారాలు ఎవరినీ కలపలేదు, విడివిడిగా విన్నాను. రెండు వైపులా నేను ఊహించని అజ్ఞానం కనిపించింది. ఆ మాట తేలిగ్గా అనడం లేదు, నాలోనూ అది ఉంది.

అధ్యక్షుడి దృష్టిలో మీడియా అంతా ఒకటే. ప్రసార హక్కులు కొన్న చానెల్, వార్తా సంస్థ, దినపత్రిక, ఫ్రీలాన్సర్ ఎవరు ఏమిటో ఆయనకు తేడా తెలియదు. హక్కులు కొన్న చానెల్ వాళ్లు అడిగే ప్రశ్నలకు అలవాటుపడి, మిగతావాళ్లు గట్టిగా అడిగితే పగబట్టారనుకునేవారు. విలేకరుల వైపు చూస్తే, సమాఖ్యలో ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుందో సగం మందికి తెలియదు. కాంగ్రెస్ తేల్చేవి, కార్యవర్గం తేల్చేవి, సాంకేతిక కమిటీ తేల్చేవి అన్నీ కలిపి అధ్యక్షుడిని అడిగేవారు. అన్నిటికన్నా పెద్ద అపార్థం డోపింగ్ కేసుల దగ్గర. విచారణలో ఉన్న కేసు వాస్తవాల మీద బహిరంగంగా మాట్లాడకూడదని ప్రపంచ యాంటీ డోపింగ్ కోడ్ సమాఖ్యలను కట్టడి చేస్తుంది. అధ్యక్షుడు "నేను మాట్లాడలేను" అన్న ప్రతిసారీ ఏదో దాస్తున్నాడని రాశారు. ఆయన కూడా "మాట్లాడలేను" అని ఊరుకున్నారే తప్ప, ఏ నిబంధన వల్ల మాట్లాడలేరో, ఎప్పుడు మాట్లాడగలరో ఒక్కసారీ చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఎన్ని శీర్షికలు తప్పేవో.

ఆ తర్వాత ఒక పేజీ రాశాం. ఒప్పందం అంటే భయపడతారని దాన్ని "పేజీ" అనే పిలిచేవాళ్లం, ఆ పేరే నిలిచిపోయింది. అందులో మొదటి మాట: సమాఖ్య పదవిలో ఉన్నవారు విలేకరితో ఎక్కడ మాట్లాడినా, లాబీలోనైనా లిఫ్టులోనైనా, అది పేరుతో రాయదగినదే. అలా వద్దనుకుంటే మాట చెప్పకముందే అడగాలి, విలేకరి ఒప్పుకోవాలి. చెప్పేశాక "ఇది రాయకండి" అంటే చెల్లదు. "పేరు లేకుండా రాయొచ్చు", "అసలు రాయకూడదు, తెలుసుకోవడానికే" అనే రెండిటికీ వేర్వేరు అర్థాలు రాసుకున్నాం. ఒక దేశంలో "బ్యాక్‌గ్రౌండ్" అంటే ఒకటి, ఇంకో దేశంలో ఇంకొకటి. అందుకే ఇంగ్లిష్ మాటలు వదిలేసి పూర్తి వాక్యాలే పెట్టాం.

రెండో మాట: ఆరోపణతో కూడిన కథనం రాసేటప్పుడు విలేకరి ప్రశ్నలను రాతపూర్వకంగా పంపాలి, కనీసం 24 గంటలు ఇవ్వాలి. అప్పటికప్పుడు బయటపడే వార్తకు ఇది వర్తించదు. సమాఖ్య జవాబు ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వడం లేదో చెప్పాలి.

మూడో మాట దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. ఇంటర్వ్యూ అచ్చయ్యే ముందు తాను చూడాలని అధ్యక్షుడు పట్టుబట్టారు. విచిత్రం ఏమిటంటే విలేకరుల్లోనే కొందరికి అందులో తప్పు కనిపించలేదు. జర్మనీ పత్రికల్లో ప్రశ్న-జవాబు రూపంలో ఉన్న ఇంటర్వ్యూను ప్రచురించే ముందు ఎదుటివారికి చూపించడం పాత ఆనవాయితీ. అమెరికా విలేకరులు మాత్రం ససేమిరా అన్నారు. న్యూయార్క్ టైమ్స్ 2012లోనే ఒకరు అన్న మాటలను అచ్చుకు ముందు వాళ్లతోనే ఆమోదింపజేసుకోవడాన్ని నిషేధించింది. రెండు పద్ధతులకూ వాటి చరిత్ర ఉంది, ఎవరినీ తప్పుపట్టలేం. కథనం ముందుగా చూపించేది లేదని, కానీ అనువాదమైన మాట మీద అనుమానం ఉంటే అసలు భాషలో రికార్డింగ్ ఇద్దరి దగ్గరా ఉండాలని చివరికి రాసుకున్నాం. అంటే ప్రతి ఇంటర్వ్యూలో రెండు రికార్డర్లు. ఖర్చు లేని ఈ చిన్న ఏర్పాటు తర్వాత ఎంతో కాపాడింది.

నాలుగోది నా షరతు. కథనం నచ్చలేదనే కారణంతో ఎవరి అక్రిడిటేషన్ ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి. ఇది లేకపోతే నేను ఈ పని చేయనని చెప్పాను. రెండు రోజులు ఎవరూ ఫోన్ చేయలేదు. మూడో రోజు ప్రధాన కార్యదర్శి సంతకం చేసిన కాగితం స్కాన్ పంపారు.

నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదిలేది మిక్స్‌డ్ జోన్ రాత్రి, అంటే ఆట ముగించి వచ్చే ఆటగాళ్లను విలేకరులు కలిసే చోట గడిపిన రాత్రి. ఒక పోటీలో, ఫైనల్ రోజున, అధ్యక్షుడిని పతకాల వేదిక దగ్గర కాకుండా విలేకరులతో పాటు తాడు వెనక నిలబడమని అడిగాను. ఆయన గంటన్నర నిలబడ్డారు. ఆటగాడు ఆట ముగించి బయటికి వచ్చేటప్పుడు ముందు ప్రసార హక్కులున్న చానెళ్లు, తర్వాత వార్తా సంస్థలు, ఆఖర్న పత్రికలవాళ్లు ఉంటారు. స్వర్ణం గెలిచిన అమ్మాయి ఆ వరుస దాటుకుంటూ చివరికి వచ్చేసరికి ఆమె గొంతులో శక్తి లేదు, డోపింగ్ పరీక్షకు తీసుకెళ్లే చాపెరోన్ పక్కనే నిలబడి గడియారం చూస్తున్నాడు. ఒక విలేకరి తన డెస్క్ ఫోన్ మోగుతుండగా, పేజీ మూసే సమయానికి తొమ్మిది నిమిషాలుండగా, ఆమె నుంచి ఒకే ఒక్క వాక్యం సంపాదించాడు. అక్కడే నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో కొట్టడం మొదలుపెట్టాడు. అధ్యక్షుడు వంగి చూశారు. "ఈ ఒక్క వాక్యంతో రాస్తారా?" అని అడిగారు. "రాయాలి కదండీ" అన్నాడతను, తల ఎత్తకుండానే.

తర్వాతి పోటీ నుంచి విజేతల ప్రెస్ మీట్ ముందుకు జరిగింది, పత్రికలవాళ్ల తాడు కొంచెం దగ్గరికి వచ్చింది. ఇవేమీ మేం రాసుకున్న పేజీలో లేవు. ఆయన చూశారు కాబట్టి జరిగాయి.

విలేకరులకు అటువైపు చూపించడానికి, వార్త ఏమీ ఉండని సమావేశాలు పెట్టాం. అందులో బాగా పనిచేసింది డబ్బు గురించిన సమావేశం. ఒలింపిక్స్ ఆదాయంలో ఒక భాగాన్ని ఐఓసీ వేసవి క్రీడల సమాఖ్యలకు పంచుతుంది. రియో 2016 తర్వాత అలా పంచిన మొత్తం దాదాపు 54 కోట్ల డాలర్లు. అది సమానంగా పంచరు. సమాఖ్యలను ఐదు గ్రూపులుగా విడదీస్తారు, అథ్లెటిక్స్, జిమ్నాస్టిక్స్, ఈత పై గ్రూపులో ఉంటాయి. కింది గ్రూపుల్లోని ఎన్నో సమాఖ్యలకు నాలుగేళ్లకోసారి వచ్చే ఈ డబ్బే ప్రధాన ఆధారం. ఒలింపిక్ కార్యక్రమంలో తమ ఆట ఉంటుందా లేదా అన్న ప్రశ్నకు ఆ అధ్యక్షుడి ముఖం ఎందుకు పాలిపోయేదో విలేకరులకు ఆ రోజు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఆ ప్రశ్న అడగడం మానలేదు. ఇంకా మంచి ప్రశ్నలు అడిగారు, ఖాతాలు చదివి వచ్చి మరీ అడిగారు.

ఆన్‌లైన్ సమావేశాలు మొదట సరిగ్గా నడవలేదు. ఎప్పుడూ ఒకే సమయానికి పెట్టడంతో సగం ప్రపంచానికి అది అర్ధరాత్రి. అంతా ఇంగ్లిష్‌లోనే నడవడంతో ఇంగ్లిష్ బాగా వచ్చిన నలుగురే ప్రశ్నలు అడిగేవారు. సమయం మార్చుతూ పెట్టాం, ఎవరి భాషలో వాళ్లు ముందే ప్రశ్నలు పంపేలా చేశాం. ఒకసారి ఒక విలేకరి ఎంబార్గో, అంటే ఫలానా సమయం దాకా వార్త వేయకూడదన్న షరతు, తెంచి వార్త ముందే ఇచ్చేశాడు. అతన్ని మూడు నెలలు ఈ సమావేశాలకు దూరంగా ఉంచింది విలేకరుల బృందమే, సమాఖ్య కాదు. అక్రిడిటేషన్ జోలికి ఎవరూ వెళ్లలేదు.

పదకొండో నెలలో అసలు పరీక్ష వచ్చింది. బృందంలో అందరూ గౌరవించే ఒక విలేకరికి సమాఖ్య లోపలి పత్రాలు దొరికాయి. ఒక కన్సల్టింగ్ కాంట్రాక్టును టెండరు లేకుండా, ఒక కార్యవర్గ సభ్యుడికి పరిచయమున్న సంస్థకు ఇచ్చారన్నది విషయం. ఆమె 14 ప్రశ్నలు పంపి 48 గంటలు ఇచ్చారు. ఆ రాత్రి అధ్యక్షుడు నాకు ఫోన్ చేశారు.

"ఏడాది పాటు మీరు చెప్పినట్టు విన్నాం. ఇదేనా దానికి ఫలితం?"

"ఏడాది క్రితమైతే మీకు ఈ 14 ప్రశ్నలు వచ్చేవి కావండీ. పొద్దున్నే పేపర్లో చూసుకునేవారు" అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఏడాది పని పోయిందన్న టెన్షన్. ఒకవైపు 2020 నాటి వెయిట్‌లిఫ్టింగ్ వ్యవహారం గుర్తొస్తూనే ఉంది. ఆ జనవరిలో జర్మన్ చానెల్ ఏఆర్‌డీ డాక్యుమెంటరీ ఆ ఆట అంతర్జాతీయ సమాఖ్యలోని అవినీతి మీద వచ్చింది, దశాబ్దాలుగా ఆ సమాఖ్యను నడిపిన తమాష్ అయాన్ ఏప్రిల్‌లో రాజీనామా చేశారు, జూన్‌లో స్వతంత్ర దర్యాప్తు చేసిన రిచర్డ్ మెక్‌లారెన్ నివేదిక కోటి డాలర్లకు పైగా సొమ్ముకు లెక్క లేదని చెప్పింది. మా వాళ్లది అంత పెద్ద వ్యవహారం కాదు. కానీ అడిగిన మొదటిరోజే జవాబు చెబితే చిన్నదిగానే ఉంటుంది, నోరు మూసుకుంటే పెద్దదవుతుంది.

గడువుకు ఐదు గంటల ముందు జవాబులు వెళ్లాయి. తొమ్మిదింటికి సూటిగా, మూడింటికి "ఆడిట్ నడుస్తోంది, ఇప్పుడు చెప్పలేం" అని, రెండింటికి పత్రాలతో సహా సవరణ. ఒక సవరణ ముఖ్యమైంది. ఆమె చూసిన ఒక అంకె స్విస్ ఫ్రాంకుల్లో ఉంది, డాలర్లనుకున్నారు. అచ్చయ్యే ముందే సరిచేశారు. కథనం వచ్చింది, గట్టిగానే వచ్చింది. మొదటి పేరాలోనే సమాఖ్య వాదన కూడా ఉంది. ఆ కాంట్రాక్టును సమాఖ్య ఆపి, మళ్లీ టెండరు పిలిచింది. తర్వాతి పోటీకి ఆమె అక్రిడిటేషన్ అందరితో పాటే వచ్చింది. అధ్యక్షుడు మాత్రం తర్వాతి సమావేశానికి రాలేదు, ప్రధాన కార్యదర్శి ఒక్కరే వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. ఆయన కోపం మానవ సహజం. నేను దాన్ని పోగొట్టడానికి ప్రయత్నించలేదు.

ఈ పనిలో నేను చాలా ఆలస్యంగా చూసిన లోటు ఒకటుంది. బల్ల దగ్గర పెద్దలున్నారు, విలేకరులున్నారు, ఆటగాళ్లు లేరు. అమెరికా జిమ్నాస్టిక్స్‌లో లైంగిక వేధింపుల ఫిర్యాదులను ఎలా తొక్కిపెట్టారో 2016 ఆగస్టులో ఇండియానాపొలిస్ స్టార్ పత్రిక రాసింది. అది చదివి మాజీ జిమ్నాస్ట్ రేచల్ డెన్‌హోలాండర్ ఆ పత్రికకు ఈమెయిల్ రాశారు. జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ ఆటగాళ్లను లైంగికంగా వేధించిన సంగతి అలా వెలుగులోకి వచ్చింది. ఆమెకు తలుపు తెరిచింది సమాఖ్య పెద్దలకు తెలిసిన విలేకరులు కాదు, తన మాట వింటారన్న నమ్మకం కలిగించిన ఒక కథనం. మా సమావేశాల్లో పెద్దలూ మేమూ ఒకరికొకరు అలవాటుపడిపోతే, అలాంటి ఆటగాళ్లు మమ్మల్ని కూడా సమాఖ్య మనుషులే అనుకుంటారు. ఆ భయంతోనే రెండో ఏడాది నుంచి ఆటగాళ్ల కమిషన్‌ను పిలిచాం. పెద్దలు లేకుండా, ఆటగాళ్లూ విలేకరులూ మాత్రమే కూర్చునే గంట వేరుగా పెట్టాం. ఇది ముందే చేసి ఉండాల్సింది.

మొదట్లో పంపిన ప్రశ్నల్లో సగానికి పైగా జవాబు లేకుండా పోయేవి. రెండో ఏడాది ముగిసేసరికి జవాబు రానివి వేళ్ల మీద లెక్కపెట్టేంత. లాబీలో కాఫీ తాగిన ఆ సీనియర్ విలేకరీ, అధ్యక్షుడూ మళ్లీ మాట్లాడుకుంటున్నారు, ఇప్పుడు ఇద్దరి ముందూ రికార్డర్లుంటాయి. మునుపటి స్నేహం మాత్రం తిరిగి రాలేదు, ఇద్దరూ దాని గురించి బాధపడుతూనే ఉంటారు.

ఈ మధ్య కాంగ్రెస్‌లో ఎన్నికలు జరిగి కొత్త అధ్యక్షురాలు వచ్చారు. బాధ్యతలు తీసుకున్న వారంలోనే ఆమె కార్యాలయం పేజీని అడిగి తీసుకుంది. పది రోజులకు తిరిగి వచ్చింది. మూడు మాటలు అలాగే ఉన్నాయి, ఒకటి రెండు చోట్ల భాష ఇంకా స్పష్టంగా చేశారు. నాలుగో మాట, అక్రిడిటేషన్ వాక్యం, కొట్టేసి ఉంది. పక్కన "చర్చించాలి" అని రాశారు. విలేకరుల బృందం ఆ వాక్యాన్ని యథాతథంగా మళ్లీ టైప్ చేసి పంపింది. వచ్చే నెల మొదటి వారంలో ఆమెతో కూర్చుంటున్నాం. ఫిఫా ఉదాహరణ మళ్లీ తీసుకెళ్తున్నాను, ఈసారి స్విస్ ఫ్రాంకుల సంగతి కూడా.